బందరు పేటలు కాలినడకన: సొంతంగా చూసేవారికి

బందరు, అంటే మచిలీపట్నం, చూడ్డానికి వెళ్లి, "ఏముందండీ అక్కడ, నాలుగు సమాధులు, ఒక పాడుపడ్డ కోట" అంటూ పూటలో తిరిగొచ్చేవాళ్లు చాలామంది. వాళ్లు భవనాల కోసం వెతికి ఉంటారు. గోల్కొండ సుల్తానులకు ముఖ్యమైన ఓడరేవుగా వెలిగిన ఊరిది. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చి దిగారు, ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన ఆ పాత ఊరిని తుడిచిపెట్టేసింది. సముద్రం మామూలు పోటు మట్టానికి పైన పదమూడు అడుగులు లేచింది, కొన్నిచోట్ల పదిహేడు మైళ్ల లోపలికి వచ్చింది. ఊరూ చుట్టుపక్కల పల్లెలూ కలిపి ముప్పై వేలమంది పోయారని లెక్క. గోడలు పోయినా పేర్లు పోలేదు. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట, రాబర్ట్‌సన్‌పేట అని ఇవాళ్టికీ ఆటోవాళ్లు కేకలు వేసే పేర్లే అసలు పటం. కాబట్టి ఇక్కడ నడకను కట్టడాల జాబితాతో మొదలుపెట్టకూడదు, పేటల పేర్లతో మొదలుపెట్టాలి.

రెండు ఉదయాలు, ఒక సాయంత్రం ఉంటే హడావుడి లేకుండా చూడొచ్చు. ఒక్క రోజే ఉంటే కోట, వలందపాలెం, పరాసుపేట ఉంచుకుని మిగతావి వదిలేయండి.

ముందు రోజు ఇంట్లో చేసుకోవలసిన పని

ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో కోనేరు సెంటర్ అని రాయండి. ఊళ్లో ఎవరు ఎక్కడికి దారి చెప్పినా అక్కడినుంచే చెబుతారు. కాగితానికి ఆగ్నేయపు మూల కోట, గిలకలదిండి. మంగినపూడి వెళ్లే వైపు చిలకలపూడి. మధ్యలో పేటలు. ఇప్పుడు ఫోనులో పటం తెరిచి ఒక్కో పేరునూ తెలుగు అక్షరాలతో వెతకండి. ఇంగ్లీషు అక్షరాలతో వెతికితే వలందపాలెం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది, సగం దొరకదు. దొరికిన ప్రతిచోటా పిన్ పెట్టుకుని, ఊరి పటం మొత్తాన్ని ఫోనులోకి దించుకోండి. కోట వైపు సిగ్నల్ నమ్ముకోదగ్గది కాదు.

తర్వాత అదే పటాన్ని ఉపగ్రహ చిత్రంగా మార్చి చూడండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు, నడకకు ప్రాణం కూడా ఇదే. ఊరికీ కోటకూ మధ్య ఇళ్లు పలచబడి, కాలువలు, బురదనేలలు, చెరువులు కనిపిస్తాయి. కోట ఎందుకు అక్కడ కట్టారో, 1759లో ఏం జరిగిందో ఈ బొమ్మ చూశాక సగం అర్థమవుతుంది.

దూరాలు కొలిచేటప్పుడు జరిగే తప్పు ఒకటుంది. ఫోను "నాలుగు కిలోమీటర్లు, యాభై నిమిషాలు" అంటుంది. అది ఎక్కడా ఆగకుండా నడిచేవాడి లెక్క. చూస్తూ, అడుగుతూ, రాసుకుంటూ నడిస్తే గంటకు రెండు కిలోమీటర్లు దాటవు. పూటకు అయిదు కిలోమీటర్లు, ఆరు మజిలీలకు మించి పెట్టుకోకండి. మజిలీకి పన్నెండు పదిహేను నిమిషాలు వేసుకుంటే, నడకతో కలిపి మూడున్నర నాలుగు గంటలు. ఉదయం ఆరింటికి బయలుదేరితే పదింటికల్లా నీడపట్టుకు చేరతారు.

ఎప్పుడు వెళ్లాలంటే డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరిదాకా. అక్టోబరు, నవంబరు వాయుగుండాల కాలం. వర్షం ఆగినా కోట దారిలో నల్లమట్టి చెప్పుల్ని పట్టుకుని వదలదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండకన్నా ఉక్కపోత బాధిస్తుంది. సముద్రం దగ్గర కదా, గాలి ఉంటుందనుకుంటారు, కానీ ఆ గాలి పొద్దెక్కాక గానీ రాదు. తప్పనిసరై ఎండాకాలంలో వెళితే ఉదయం అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా నడిచి, మళ్లీ సాయంత్రం అయిదు తర్వాతే కాలు బయటపెట్టండి.

సంచిలో ఉండాల్సినవి: మనిషికి లీటరు నీళ్లు, గొడుగు, వేళ్లు కప్పే బూట్లు, ఒక చిన్న టార్చి, నోటుపుస్తకం, పెన్సిలు. టార్చి పగటి నడకకు ఎందుకంటారా, సమాధుల దగ్గర తెలుస్తుంది. చిల్లర నోట్లు కూడా ఉంచుకోండి, ఆటోకూ టీకీ కావాలి.

పేరును విప్పి చదవడం

నడక మొదలుపెట్టే ముందు ఈ నాలుగు తోకలు గుర్తుంచుకోండి. పూడి, పల్లి అని ముగిసేవి, అంటే చిలకలపూడి, ఈడేపల్లి లాంటివి, పేరును బట్టి ఒకప్పటి విడి ఊళ్లు. పట్నం పెరిగి వాటిని కలుపుకుంది. పాలెం అంటే ప్రధాన ఊరికి బయట దిగిన గుంపు, విడిది. విదేశీ వర్తకులు ఊరి మధ్య కాకుండా అంచున చోటు చేసుకున్నారని ఇంగ్లీషుపాలెం, వలందపాలెం చెబుతున్నాయి. పేట అంటే అంగళ్లతో, వృత్తులవాళ్లతో కావాలని కట్టించిన వాడ. దానిముందు సాధారణంగా కట్టించినవాడి పేరో, ఉన్నవాళ్ల పేరో ఉంటుంది. దిండి అని ముగిసేవి తీరప్రాంతంలో, నీళ్ల పక్కన తగులుతుంటాయి.

ఇక విదేశీయుల పేర్లు. వలందా అంటే హాలండు, పోర్చుగీసువాళ్ల నోటినుంచి మనకు చేరిన పలుకు. ఒలందులు అని పాత రాతల్లో ఉంటుంది. పరాసులు ఫ్రెంచివాళ్లు. పోర్చుగీసువాళ్లను బుడతకీచులు అనేవారు. ఊరి పేరుకూ ఇదే వరస, బందరు పారసీ మాట, రేవు అని అర్థం.

అన్ని పేర్లూ ఇంత తేలిగ్గా విడిపోవు. బచ్చుపేట, రామానాయుడుపేట మనుషుల పేర్ల మీద, ఇంటిపేర్ల మీద వచ్చినట్టు వినిపిస్తాయి. ఖొజ్జిల్లిపేట లాంటివి చెవికి దొరకవు. అలాంటిచోట మీరే అర్థం అల్లేయకండి. ఆ వీధిలో పాతకాపులను ముగ్గురిని అడిగి, ముగ్గురి మాటా విడివిడిగా రాసుకోండి. ముగ్గురూ ఒకేమాట చెప్పినా అది ఇంకా మాటే, రుజువు కాదు.

మొదటి ఉదయం: పేటలు

కోనేరు సెంటర్‌లో టిఫిన్ చేసి మొదలుపెట్టండి. పొద్దున్నే తినకుండా బయలుదేరితే ఎనిమిదింటికి కాళ్లు మొరాయిస్తాయి, లోపలి వీధుల్లో మంచి హోటలు దొరకదు.

అక్కడినుంచి రాబర్ట్‌సన్‌పేట. ఇది కలెక్టరు రాబర్ట్‌సన్ పేరుమీద వచ్చింది. ఆయన 1830 ప్రాంతంలో అమరావతి స్తూపపు శిల్పఫలకాలు కొన్నింటిని తెప్పించి, తన పేట బజారుకు అలంకారంగా నిలబెట్టించాడు. బౌద్ధ శిల్పాల మధ్య కూరగాయల బేరాలు జరిగాయన్నమాట. తర్వాత అవి మద్రాసు మ్యూజియం దారి పట్టాయి. ఇప్పుడు ఇక్కడ వెతకవద్దు, ఒక్కటీ కనబడదు. అయినా ఆ బజారు దగ్గర అయిదు నిమిషాలు నిలబడి వీధుల అమరిక చూడండి. కావాలని కట్టించిన పేటలో వీధులు తిన్నగా ఉంటాయి, తనంతట పెరిగిన పాత ఊరిలో వంకర్లు తిరుగుతాయి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగిలిన ఊరంతా, ఏ ముక్క ఎప్పటిదో కొంత పోల్చుకోగలుగుతారు.

తర్వాత పరాసుపేట. చూడ్డానికి మామూలు బస్తీ. కానీ బందరులోని చిన్న ఫ్రెంచి తునక మీద హక్కు ఫ్రాన్సు చేతిలో 1947 అక్టోబరు దాకా ఉంది. అంటే ఆగస్టు 15 దాటాక కూడా ఈ ఊళ్లో కొంత నేల చట్టప్రకారం పరాయిదే. యానాం కథ అందరికీ తెలుసు, దీని గురించి బందరులోనే చాలామందికి తెలియదు. హద్దురాళ్ల కోసం ఆశపడకండి. ఇక్కడ చేయాల్సింది పాత ఇళ్ల వీధిముఖాలు గమనించడం. అరుగు ఎంత ఎత్తున ఉంది? ఎన్ని మెట్లు ఎక్కాలి? ఉప్పెన భయం ఉన్న ఊళ్లో ఇంటి పునాది ఎత్తు కూడా చరిత్రే. ఎత్తు అరుగున్న ఇళ్లు ఏ వీధిలో ఎక్కువో, ఏ వీధిలో లేవో రాసుకుంటూ పోండి. అయితే రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయినచోట పాత అరుగు పొట్టిదైపోతుంది. గుమ్మం రోడ్డుకన్నా పల్లంలో ఉంటే ఇల్లు కుంగిందనుకోవద్దు, రోడ్డు లేచింది.

వలందపాలెం వైపు వెళ్లాక నడక నెమ్మదించాలి. డచ్చివాళ్ల సమాధుల తోట ఈ ఊళ్లో మిగిలిన అన్నింటికన్నా విలువైనది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గేటుకు తాళం ఉండొచ్చు, అది మామూలే. గోడ దూకకండి. ఎదురింటివాళ్లను అడిగితే తాళం ఎవరి దగ్గరుందో, ఏ వేళకు వస్తారో చెబుతారు. అందుకే దీన్ని ఉదయపు వరసలో చివర పెట్టుకోకూడదు. ముందే ఒకసారి చూసి, మూసి ఉంటే మిగతావి తిరిగి మళ్లీ రావడానికి వీలు ఉంచుకోండి.

లోపల ఉన్నవి 17, 18వ శతాబ్దాల రాళ్లు. పెద్ద పలకలు, వాటిమీద వంశచిహ్నాలు, డాళ్లు, శిరస్త్రాణాలు, చుట్టూ ఆకుతీగ చెక్కడం. అక్షరాలు చదవడానికి డచ్చి రానక్కరలేదు, కొన్ని ముక్కలు తెలిస్తే చాలు. మొదట్లో "హీర్ లేయ్ట్ బెఖ్రావెన్" అన్న వరస ఉంటే "ఇక్కడ సమాధి అయినవారు" అని అర్థం. "అన్నో" తర్వాత వచ్చేది సంవత్సరం. "ఔట్" అని ఒక అంకె, దానివెనక "యారెన్" ఉంటే ఆ అంకె వయసు. కొన్నిచోట్ల లాటిన్‌లో "ఒబియిత్" ఉంటుంది, మరణించారు అని. ఇంగ్లీషు జె ఉండాల్సినచోట ఐ, యు ఉండాల్సినచోట వి చెక్కి ఉంటే తికమకపడకండి, ఆనాటి పద్ధతి అదే.

వయసులు చదువుతూ వెళితే ఈ తోట మాట్లాడుతుంది. ఎంత చిన్న వయసులో పోయారో, పసిపిల్లల రాళ్లు ఎన్ని ఉన్నాయో లెక్క వేయండి. మసాలాలూ అద్దకపు బట్టలూ తెచ్చిపెట్టిన డబ్బుకు ఎదురు పద్దు ఇది.

రాయి అరిగిపోయి అక్షరం అందకపోతే సుద్దముక్కతో రుద్దడం, నీళ్లు పోయడం, తడి మట్టి పూయడం చాలామంది చేసే పాడుపని. సుద్ద రాతి రంధ్రాల్లో దిగాక వదలదు, రుద్దిన ప్రతిసారీ అంచు అరుగుతుంది. టార్చిని రాతికి పక్కగా, నేలకు సమాంతరంగా ఆన్చి పట్టుకోండి. ఒక స్నేహితుడు గొడుగు అడ్డం పెట్టి ఎండ తగలకుండా చూస్తే, అక్షరాల గాడిలో నీడ పడి చదవగలుగుతారు. నలువైపులనుంచీ అలా వెలుగు వేసి నాలుగు ఫోటోలు తీసుకుంటే, అక్కడ అందని అక్షరం ఇంటికొచ్చాక అందుతుంది. రక్షిత కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చని కూడా గుర్తుంచుకోండి. పేర్లు చెక్కే కుర్రాళ్లకు ఈ సంగతి తెలియదు పాపం.

ఇంగ్లీషుపాలెం పేరు చూసి ఇంగ్లీషు బంగళాలు ఊహించుకుంటే నిరాశపడతారు. దాన్ని దాటుకుని నోబుల్ కాలేజీ వైపు నడవండి. రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1843లో మొదలుపెట్టిన బడి అది. తెలుగునాట ఇంగ్లీషు చదువుకు తొలి గట్టి పునాదుల్లో ఒకటి. ఆయన 1865లో ఈ ఊళ్లోనే పోయాడు. కాలేజీ ఆవరణలోకి వెళ్లాలంటే పనిరోజుల్లో వెళ్లి ఆఫీసులో అడగండి. చెప్పకుండా కెమెరా తీసుకుని తిరిగితే వాచ్‌మన్ ఆపుతాడు, ఆపడం న్యాయం కూడా.

సెయింట్ మేరీస్ చర్చికి ఆదివారం ఉదయం వెళ్లకండి, ప్రార్థన నడుస్తుంటుంది. ఈ చర్చి చుట్టూ అరబెల్లా రాబిన్సన్ అనే అమ్మాయి కథ అల్లుకుంది. ఆమె 1809లో చనిపోతే, ఆమెను ప్రేమించిన సైనికాధికారి జాన్ పేటర్, కోటలోని చర్చిలో సమాధికి ఒప్పుకోలేదన్న కోపంతో తానే ఒక చర్చి కట్టించాడని చెబుతారు. అద్దపు పెట్టె, చెడని శరీరం, కదిలే బొమ్మ, ఇలా చెప్పేవారిని బట్టి కథ పెరుగుతుంది. వినండి, బాగుంటుంది. నోటుపుస్తకంలో మాత్రం పేరు, సంవత్సరం ఒక గళ్లో, మిగతాది "అంటారు" అన్న గళ్లో వేయండి.

మనుషులను అడగడం

నడకలో సగం సరుకు గోడలమీద ఉండదు, అరుగులమీద కూర్చున్నవాళ్ల దగ్గర ఉంటుంది. "ఇక్కడ చరిత్ర ఏముందండీ?" అని అడిగితే "ఏముందమ్మా, ఏమీ లేదు" అనే జవాబు వస్తుంది. చిన్న ప్రశ్న వేయాలి. "బాబాయిగారూ, ఈ పేటకు ఈ పేరు ఎందుకొచ్చిందంటారు?" అనో, "మామ్మగారూ, ఉప్పెనలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని మీ పెద్దవాళ్లు చెప్పేవారు?" అనో అడిగిచూడండి. కుర్చీ తెప్పిస్తారు.

రెండో ప్రశ్నలో ఒక ఉచ్చు ఉంది. ఉప్పెన అనగానే ఇప్పటి పెద్దలకు గుర్తొచ్చేది 1977 నవంబరు 19, దివిసీమ. తాతల నాటి 1864 ఉప్పెన మాటలు కూడా దాంతో కలిసిపోతాయి. "మీరు చూసిందా, విన్నదా?" అని ఒక్కమాట అడిగితే రెండూ విడిపోతాయి. ఇది మరిచిపోయి రాసుకున్న నోట్సు తర్వాత దేనికీ పనికిరాదు.

సొరంగం గురించి కూడా చెబుతారు. తెలుగునాట సొరంగం కథ లేని కోట ఉన్నట్టు లేదు. నవ్వేయకుండా వినండి, ఆ తర్వాతే మంచి సంగతులు వస్తాయి. ఫోటో, రికార్డింగు అడిగాకే. మనిషి పేరు రాసుకోనక్కరలేదు, ఏ వీధి, సుమారు వయసు, చూసిందా విన్నదా అన్నవి చాలు.

చదువుల వాడ, అద్దకాలు

ఎండ ఎక్కకముందే కాళ్లలో సత్తువ మిగిలితే ఆంధ్ర జాతీయ కళాశాల చోటు చూడండి. బెంగాల్ విభజన నాటి జాతీయ విద్య ఉద్యమం మన దగ్గర కట్టిన పెద్ద గూడు ఇదే. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య కలిసి 1910లో నిలబెట్టారు. పింగళి వెంకయ్య ఇక్కడ పాఠాలు చెప్పాడు. ఇదే ఊరినుంచి కృష్ణాపత్రిక 1902లో మొదలైంది. ఇదే ఊళ్లో 1923లో పట్టాభి లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో ఆంధ్రా బ్యాంకు పెట్టాడు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బ్యాంకు, పత్రిక, బడి మూడూ ఒకే స్నేహబృందం చేతులమీదుగా నడిచిన ఊరని తెలుసుకుని తిరిగితే, ఈ ముక్కను విడిగా ఒక గంట నడకగా పెట్టుకోవాలని మీకే అనిపిస్తుంది.

కలంకారీ బందరు పేరుతో చెలామణి అయినా, పని చూడాలంటే పెడన వెళ్లాలి. పదికిలోమీటర్ల దూరం, బస్సుగానీ రైలుగానీ. దీన్ని నడకలో కలపకండి. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ టేకు అచ్చులతో అద్దుతారు. కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డమీద నలుపు అద్దకానికి ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన కసిం, ఎరుపుకు పటిక. ఒకప్పుడు ఎరుపు చిరివేరునుంచి వచ్చేది. ఎండబెట్టిన గుడ్డలమీద నడవకండి, అచ్చు చేత్తో పట్టుకునేముందు అడగండి. మబ్బు పట్టిన రోజు వెళితే ఎండబెట్టడం ఆగి, సగం పని కనబడదు.

సాయంత్రం: చిలకలపూడి

చిలకలపూడికి ఎండ తగ్గాక వెళ్లండి. 1929లో వెలిసిన పాండురంగస్వామి ఆలయం ఇక్కడిది. కీరం అంటే చిలక, కీరపండరిపురం అనే పేరు అలా వచ్చింది. పండరిలో లాగే ఇక్కడా భక్తులు స్వామి పాదాలు తాకవచ్చు. కార్తీకమాసంలో ఉత్సవాల రోజుల్లో మాత్రం నడక అసాధ్యం, జనం తప్ప ఏమీ కనబడదు. ఊరు చూడ్డం మీ పని అయితే ఆ రోజులు మానుకోండి, దైవదర్శనమే పని అయితే ఆ రోజులే మేలు.

చిలకలపూడి గిల్టునగలు తెలియని తెలుగిల్లు ఉండదు. రాగిలాంటి లోహం మీద పలచటి బంగారుపూత. పనివాళ్లు ఇళ్లలోనే చేస్తారు, కాబట్టి వర్క్‌షాపు అని బోర్డు కోసం వెతక్కండి. నగల కొట్లో కొనకపోయినా, "పని చూడొచ్చా అండీ?" అని మర్యాదగా అడిగితే దారి చెప్పేవాళ్లు ఉంటారు.

రెండో ఉదయం: కోట

కోట ఊరికి ఆగ్నేయంగా సుమారు మూడు కిలోమీటర్లు, గిలకలదిండి దారిలో. వెళ్లేటప్పుడు నడవండి, వచ్చేటప్పుడు ఆటో ఎక్కండి. తిరగేస్తే ఉదయపు చల్లదనం ఆటోలో పోతుంది, పదింటి ఎండ నెత్తిమీద పడుతుంది. ఆటో మాట్లాడుకునేటప్పుడు "బందరుకోట" అని చెప్పండి, ఉత్త "కోట" అంటే ఏ కోట అని అడుగుతారు.

దారిలో రెండువైపులా నేలను గమనించండి. ఒకప్పుడు ఈ మధ్యలో అంతా బురదతంపర, దానిమీదుగా ఊరికీ కోటకూ ఒక కట్ట ఉండేది. 1750 నుంచీ కోట ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. 1759 ఏప్రిల్ 7 అర్ధరాత్రి, ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు సైన్యం ఆటు వేళ చూసుకుని ఈ బురదలోకి దిగింది. తెల్లారేసరికి కోట పడిపోయింది. మరుసటి నెలలోనే నిజాం సలాబత్ జంగు మచిలీపట్నం ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. ఉత్తర సర్కారుల కథ మలుపు తిరిగింది ఈ బురదలోనే. రోడ్డుపక్కన ఆగి ఒక కర్ర ఆ మట్టిలో గుచ్చి చూడండి, ఫిరంగులు లాగడం ఎలా ఉండేదో పుస్తకంకన్నా బాగా తెలుస్తుంది.

కోటలో మిగిలింది తక్కువ. గంటస్తంభం, ఆయుధాగారం అని చెప్పే కట్టడం, అక్కడక్కడ గోడలు. 1864 తర్వాత సైన్యాన్ని ఎత్తేశారు, ఆపైన కోటను పట్టించుకున్నవాళ్లు లేరు. గోడ దగ్గరికి వెళ్లి సున్నపు గార ఊడినచోట ఇటుకల మందం చూడండి. ఒకే గోడలో రెండు మందాల ఇటుకలుంటే, మధ్యలో మరమ్మతు జరిగిందని అర్థం. ఏ కట్టడం డచ్చిదో, ఏది ఫ్రెంచిదో, ఏది ఇంగ్లీషుదో ఒక్క చూపులో తేల్చకండి. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వాడుకున్న చోటిది, మార్చుకుంటూ పోయారు.

వానలు తగ్గిన కొత్తలో గడ్డి నడుముదాకా ఉంటుంది. అందులో పాములుంటాయి. చేతికర్రతో నేల తడుతూ, గడ్డి లేని దారినే నడవండి. పగుళ్లున్న కప్పుల కింద నిలబడకండి, మెట్లు కనబడ్డా పైకెక్కకండి. తడిసిన సున్నపు కట్టడం పైకి గట్టిగానే ఉంటుంది, కాలు పెట్టాకే జారుతుంది. ఒంటరిగా వెళితే ఎక్కడున్నారో ఒకరికి ఫోనులో చెప్పి ఉంచండి.

ఇక్కడినుంచి గిలకలదిండి చేపలరేవు వైపు సాగండి. పడవలు తిరిగొచ్చే వేళ వాతావరణాన్ని బట్టి మారుతుంది, ముందు రోజు టీకొట్టులో అడిగి తెలుసుకోండి. వేట నిషేధం ఏటా ఏప్రిల్ మధ్యనుంచి జూన్ మధ్యదాకా అమల్లో ఉంటుంది, అప్పుడు పడవలన్నీ గట్టునే ఉంటాయి, మరమ్మతులు చూడొచ్చు. సముద్రం ఎంత దూరం పోయిందో గమనించండి. ఒకప్పుడు కూడా పెద్ద ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. మైళ్ల అవతల లంగరు వేస్తే, తాడుతో కుట్టిన మసూలా పడవలు సరుకును ఒడ్డుకు చేర్చేవి. మేకులు కొట్టిన పడవ అలల దెబ్బకు చీలిపోతుంది, కుట్టిన పలక వంగి తట్టుకుంటుంది. ఆ పడవకు పేరిచ్చింది కూడా ఈ ఊరేనని కొందరంటారు.

వేలం జరిగేచోట దారికి అడ్డం నిలబడకండి, తెల్లబట్టలు వేసుకోకండి. వలలమీద కాలు పెట్టడం ఇక్కడ అన్నింటికన్నా పెద్ద తప్పు.

రాత్రికి నోట్సు

ఆ రోజే కూర్చుని నాలుగు గళ్లు గీయండి: చోటు పేరు, కళ్లారా చూసింది, ఎవరో చెప్పింది, ఫోటో సంఖ్య. రెండు రోజులు ఆగితే ఏ సమాధి ఫోటో ఏ మూలదో గుర్తుండదు. తీసేటప్పుడే ప్రతి కట్టడానికి ముందు దూరంనుంచి ఒకటి, తర్వాత దగ్గరనుంచి తీస్తే ఈ బాధ సగం తగ్గుతుంది. పాత రికార్డుల్లో వెతకాలనుకుంటే మచిలీపట్నం అని కాక "మసూలిపటం", "బందర్" అన్న ఇంగ్లీషు స్పెల్లింగులు వాడాలి. 1859లో గుంటూరుతో కలిపి కృష్ణా జిల్లాగా మార్చేదాకా, జిల్లా పేరు కూడా మసూలిపటమే.

ఇక తిరుగు ప్రయాణానికి లడ్డు. బందరు లడ్డు అంటే తొక్కుడు లడ్డు. శనగపిండిని కారప్పూసలా వత్తి, నేతిలో వేయించి, రోట్లో తొక్కి జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్లీ దంచి చేస్తారు. అందుకే నోట్లో రవ్వ తగలదు. 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కొనేముందు ఒకటి విరిచి చూడండి. మెత్తగా రెండు ముక్కలవ్వాలి, ఇసకలా రాలిపోతే తొక్కడం తగ్గినట్టు. పంచదార పాకంతో చేసినవీ పక్కనే ఉంటాయి, బెల్లంవి అని అడిగి తీసుకోండి. నెయ్యి అట్టపెట్టెలోంచి ఊరుతుంది కాబట్టి స్టీలు డబ్బా ఒకటి వెంట తెచ్చుకుంటే, బస్సులో సంచిలో ఉన్న నోటుపుస్తకం జిడ్డు కాకుండా ఇల్లు చేరుతుంది.